రెండు సీట్ల బండి

రమాకాంత్ సేటుకు కారు నడపడం రాదు. వచ్చని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు కూడా. అలాంటి మనిషి నాలుగేళ్ల కింద హైదరాబాదులో ఎవరి దగ్గరో చూసి, మోజుపడి, నేలకు జానెడెత్తున పాకుతూ పోయే ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చినప్పుడు జనగామ బజారంతా ముక్కున వేలేసుకుంది. అప్పటికే దాని వయసు ఇరవై ఏళ్లు. పైకప్పు గుడ్డది, మడిచి వెనక్కి పెట్టుకోవచ్చు. తలుపులు రెండు, సీట్లు రెండు. కుడి సీట్లో డ్రైవర్ బుచ్చయ్య, ఎడమ సీట్లో సేటు. ఇంటి నుంచి పప్పులు, నూనెల హోల్‌సేల్ దుకాణానికి అర కిలోమీటరు దూరం. ఆ అర కిలోమీటరూ బండి రోజుకు నాలుగుసార్లు ఊరేగేది. దాన్ని సేటు లక్ష్మి అనేవాడు. శుక్రవారం శుక్రవారం పూజ చేసేవాడు. చెప్పులతో ఎవరూ ఎక్కకూడదు. బుచ్చయ్య చెప్పులు కూడా సీటు వెనక సంచీలో ప్రయాణం చేసేవి.

ఇప్పుడా లక్ష్మి సూర్యాపేట రోడ్డులో సేవ్యా షెడ్డులో నాలుగు ఇనుప స్టాండ్ల మీద కూర్చుని ఉంది. సేవ్యా దాని కింద వెల్లకిలా పడుకుని గేరుబాక్సును మెల్లగా జాకీ మీదికి దించుతున్నాడు. అతనికి నలభై ఎనిమిదేళ్లు. మరిపెడ పక్క తండాలో పుట్టి, జనగామ వచ్చి, లారీల కింద దూరి పని నేర్చుకుని, సొంత షెడ్డు పెట్టుకున్న మనిషి. ఊళ్లో ఎవరి బండికి ఏమైనా ‘సేవ్యా ఏమన్నడు?’ అని అడగడం మామూలు. ఆ మాట చెవిన పడితే అతను లోలోపల మురిసిపోయేవాడు. మురిస్తే తప్పు లేదు గానీ, ఆ మురిపెం ఒక్కోసారి మనిషి నోరు జారేలా చేస్తుంది.

కార్తీకంలో అదే జరిగింది. సేటు బండిలో కాళేశ్వరం బయలుదేరాడు. భూపాలపల్లి దాటి అడవి రోడ్డు ఎక్కాక, ముందూ వెనకా బొగ్గు లారీలు ఉండగా, ఇంజను అరుస్తున్నా బండి కదలనని మొండికేసింది. మాడు వాసన వచ్చింది. సేటు రోడ్డు పక్కన నిలబడి సేవ్యాకు ఫోన్ చేశాడు. సేవ్యా అప్పుడు అన్నం తింటున్నాడు.

“క్లచ్ మాడితే తప్పు ఎవరిది సేవ్యా? బండిదా, నడిపెటోనిదా?”

“ఇంకెవరిది సేటు, డ్రైవర్ కాలుదే. క్లచ్ మీద కాలు పెట్టి మర్చిపోతరు.”

కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. చెప్పినవి రెండు మాటలు. సేటు ఫోన్ స్పీకర్‌లో పెట్టాడనీ, బుచ్చయ్య పక్కనే నిలబడి విన్నాడనీ అతనికి తరువాత తెలిసింది. అదే రోజు భూపాలపల్లి బస్టాండులో బుచ్చయ్యను దించేసి, ఇక రావద్దన్నాడు సేటు. పదకొండేళ్ల కొలువు అక్కడితో సరి. బండి తాళ్లతో లాగించుకుని వచ్చి షెడ్డుకు చేరింది. పాత బండి కదా, విప్పాక దేనికీ ఆగకూడదని ముందే కొత్త ఫ్లైవీలు, కొత్త క్లచ్ సెట్టు ఎక్కడెక్కడో వెతికించి తెప్పించేసరికి మాఘం వచ్చింది.

గేరుబాక్సు కిందికి దిగాక సేవ్యా బయటికి జరిగి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ముందు రిలీజ్ బేరింగు తీసి చూశాడు. ఇరవైనాలుగు గంటలూ క్లచ్ మీద కాలు ఆనించి నడిపేవాడి బండిలో మొదట చచ్చేది ఇదే. వేలితో తిప్పాడు. సప్పుడు లేకుండా తిరిగింది. మళ్లీ తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. కొత్త దానికీ దీనికీ తేడా లేదు.

“గిదేంది మరి” అన్నాడు తనలో తను.

ప్రెజర్ ప్లేటు బోల్టులు ఆరూ విప్పి, క్లచ్ ప్లేటును బయటికి తీశాడు. రాపిడి పొర అరిగి అరిగి రివెట్లు తేలాయి. దాని వెనక ఇంజనుకు అంటుకుని తిరిగే బరువైన ఇనుప చక్రం, అదే ఫ్లైవీలు, టార్చి వెలుగులో కనిపించింది. నున్నగా ఉండాల్సిన దాని ముఖం నిండా నీలం మచ్చలు. మచ్చల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు. లేతు మీద చెక్కించినా పనికిరాదు.

ఈ మచ్చలు అతనికి కొత్త కావు. డ్రైవింగ్ స్కూలు బండ్లలో లెక్కలేనన్ని చూశాడు. ఎత్తు మీద బండి ఆపి, క్లచ్ సగం వదిలి సగం పట్టి, యాక్సిలేటర్ తొక్కి, ఇంజను ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టి, పడుతూ లేస్తూ నేర్చుకునేవాళ్లు చేసే మచ్చలివి. ముప్పై ఐదేళ్లుగా స్టీరింగు పట్టిన బుచ్చయ్యకు ఎత్తు మీద బండి లేపడం రాదంటే రాయి కూడా నవ్వుతుంది.

తరువాత పెడళ్ల రబ్బర్లు మార్చడానికి డ్రైవర్ సీటు వైపు వంగాడు. క్లచ్ పని ఒప్పుకుంటే రబ్బర్లు కూడా కొత్తవి వేయడం అతని పద్ధతి. క్లచ్ పెడలు రబ్బరు ఊడబీకి వెలుతురులోకి తెచ్చాడు. గీతల సందుల్లో పసుపు ఉంది. గోటితో గీకితే పొడి రాలింది. పూజ పసుపేమో అనుకున్నాడు. కానీ సేటు బొట్లు పెట్టేది బానెట్టుకు, స్టీరింగుకు, నాలుగు చక్రాలకు. వంగి క్లచ్ పెడలుకు పసుపు రాసే భక్తుడు ఇంకా పుట్టలేదు. చెప్పుల్లేని కాలు, పసుపు రాసుకున్న కాలు, పొద్దున పూట తడి ఆరకుండానే తొక్కిన కాలు.

సేటు ఇంట్లో పొద్దున్నే స్నానం చేసి కాళ్లకు పసుపు రాసుకునే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన భార్య సులోచన.

సేవ్యా రబ్బరును గుడ్డలో చుట్టి, నట్లు వేసుకునే రేకు డబ్బాలో అట్టడుగున పెట్టి మూతేశాడు.

*

మరునాడు షెడ్డుకు తాళం వేసి, బుచ్చయ్య సొంతూరు మరిపెడకు బస్సెక్కాడు. ఎందుకు పోతున్నావని ఎవరైనా అడిగితే తండాకు అని చెప్పేవాడు. తొర్రూరు దాటాక బస్సెక్కిన తండా ఆడవాళ్లు తమ భాషలో పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి కిటికీ వైపు తిరిగాడు. వాళ్లు అతన్ని పెద్ద మెకానిక్ అయ్యాడని మెచ్చుకున్నారు. ఆ రోజు ఆ మెచ్చుకోలు అతనికి ఒంటికి పట్టలేదు.

బుచ్చయ్య ఊరి బయట మిర్చి కల్లంలో దొరికాడు. పరదాల మీద ఎర్రగా ఆరబోసిన మిర్చి ముందు, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, తాలు కాయలు ఏరుతున్నాడు. పక్కన భార్య మంగమ్మ. అడుగు పెట్టగానే సేవ్యాకు దగ్గు తెర ముంచుకొచ్చింది.

“తండకు వచ్చినవా తమ్మీ?” అన్నాడు బుచ్చయ్య, తువ్వాలు కిందికి లాగి. ముఖంలో కోపం లేదు. అదే సేవ్యాను ఎక్కువ గుచ్చింది.

“నీ దగ్గరికే వచ్చిన బుచ్చన్నా.”

మంగమ్మ తలెత్తలేదు. “నువ్వన్న మాటతోని మావోడు గిట్ల కల్లంల కూసున్నడు. ఇంకేం చూస్తవని వచ్చినవయ్యా” అంది. “ఈడ ప్రైవేటు బడి వ్యానుకు డ్రైవరు కావాలన్నరు. బడి పెద్దసారు గణపతి మంచోడే, రమ్మన్నడు. జనగామల చేసినవంటివి గదా, మీ సేటుకు ఒక్క మాట ఫోన్ చేస్త అన్నడు. చేసిండు. గంతే.”

“ఊకోవే” అన్నాడు బుచ్చయ్య.

“ఎందుకూకోవాలె? చెప్పు, ఆ సారు ఏమన్నడో చెప్పు.”

బుచ్చయ్య తాలు కాయలు ఏరుతూనే ఉన్నాడు. మంగమ్మే చెప్పింది. “క్లచ్చే కాపాడనోనికి పిల్లలనెట్ల ఇయ్యాలె పెద్దాయనా అన్నడట. ఈ ఊర్లె పోరగాండ్లు గూడ క్లచ్ తాతా అని పిలుస్తున్నరు.”

సేవ్యా మిర్చి పరదా దగ్గరికి జరిగాడు. వంగి ఒక తాలు కాయ తీసి పక్క కుప్పలో వేశాడు. ఇంకోటి తీశాడు. ఆ పని మీద చూపు పెట్టుకునే అన్నాడు.

“బండి విప్పిన అన్నా. బేరింగు చెక్కుచెదరలే. నీ కాలు కాదు గది. ఫ్లైవీలు నిండ నీలం మచ్చలున్నయి. ఎవలో నేర్చుకున్నరు దాని మీద.” ఆగి, గొంతు తగ్గించాడు. “క్లచ్ రబ్బరుల పసుపున్నది.”

బుచ్చయ్య చేతులు ఆగిపోయాయి. మంగమ్మ ఇద్దరి ముఖాల వంకా మార్చి మార్చి చూసింది. ఆమెకు ఏమీ తెలియదని సేవ్యాకు అప్పుడే అర్థమైంది. ఈ మనిషి కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

“దా, నీళ్లు తాగుదువు” అని బుచ్చయ్య లేచి, కల్లం చివర నీళ్ల డ్రమ్ము దాకా నడిచాడు. సేవ్యా వెంట నడిచాడు. బుచ్చయ్య చెంబు ముంచి అతని చేతికిచ్చి, దూరంగా లారీలు పోయే రోడ్డు వైపు చూశాడు.

“అమ్మ ఒక్కనాడు అడిగింది. బుచ్చన్నా, అందరు మీ లక్ష్మి బాగున్నది, మీ లక్ష్మి బాగున్నది అంటరు, నేను నాలుగేండ్లల ఒక్కసారి గూడ దాంట్ల కూసోలే, నాకు సీటెక్కడిది అన్నది. నవ్వుకుంటనే అన్నది. నాకేమో పాణం సివుక్కుమన్నది. ఆడ కూసునేది నేనైతి. ఆమె సీట్ల నేను కూసున్న.”

“గందుకని నేర్పినవా?”

“సేటు పొద్దుగాల పూజల కూసుంటే గంటన్నర లేవడు. బండి కడగవోతున్న అని చెప్పి మార్కెట్ యార్డుకు తోల్కపోయేటోన్ని. అమ్మ వెనక గల్లీల ఎక్కేది. మూన్నెల్లు నేర్పిన. లైసెన్సు గూడ తీపిచ్చిన. అంత మంచిగ నేర్చుకున్నది గనీ, లారీలు తూచే ఆ వేబ్రిడ్జి ఎత్తున్నది సూడు, దాని మీద ఆపి లేపుడే రాలే. యాభై రెండేండ్ల మనిషి, పట్టువట్టింది. రోజు ఇరవైసార్లు ఆగుడు, ఇరవైసార్లు లేపుడు. క్లచ్ వాసన వస్తుంటె నాకు తెలుస్తనే ఉన్నది. వద్దనబుద్ధి కాలే.”

“కాళేశ్వరం నాడు అమ్మ యాడుండె?”

“బస్సుల. ఆడోళ్లతోని ముందు బస్సుల పోయింది. లక్ష్మి మా ఇద్దరిని ఎక్కిచ్చుకొని ఎనక పోయింది.” బుచ్చయ్య మొదటిసారి నవ్వాడు. “తిరిగొచ్చినంక ఫోన్ జేసి ఏడ్చింది, సేటుకు చెప్త అని. నేనే వద్దన్న. నాకు గూడ మోకాళ్లు నొస్తున్నయి, ఇంటికాడ ఉంట అన్న.”

“అన్నా, ఆమె నేర్చుకుంటే ఇగ నీ కొలువేడుంటది? రెండే సీట్లాయె.”

“తెలిసే నేర్పిన తమ్మీ. అరవై వచ్చినయి. అమ్మ చేతికి తాళమిచ్చి, దండం పెట్టి మంచిగ ఇంటికొద్దామనుకున్న. గిట్ల బండి చెడగొట్టిండని పేరు పెట్టి తోలేస్తరనుకోలే.” చెంబు డ్రమ్ము మీద బోర్లించాడు. “కొలువు పోతే పోనీ. ముప్పై ఐదేండ్లు నడిపిన. ఒక్క మేక గూడ నా బండి కింద పడలే.”

సేవ్యా తలవంచుకున్నాడు. ఆ పేరు పెట్టింది తనే. అన్నం ముద్ద చేతిలో పెట్టుకుని, బండి మొహం కూడా చూడకుండా పెట్టాడు.

“అమ్మ పేరు నీ నోట్లకెల్లి వచ్చిందో, ఇగ నా గడప తొక్కకు” అన్నాడు బుచ్చయ్య, మిర్చి వైపు నడుస్తూ.

*

బుధ, గురువారాలు సేవ్యా పని మీద కూర్చున్నాడు. ఎవరు పలకరించినా ఊఁ అనడమే. కొత్త ఫ్లైవీలు ఎక్కించి, బోల్టులు ఒకదాని తరువాత దాని ఎదురుది, మళ్లీ దాని పక్కదాని ఎదురుది, ఇలా కొంచెం కొంచెంగా బిగించాడు. చక్రం ముఖాన్ని పెట్రోలు గుడ్డతో మూడుసార్లు తుడిచాడు. జిడ్డు వేలిముద్ర ఒక్కటి పడినా కొత్త ప్లేటు వణుకుతుంది.

ప్లేటును సరిగ్గా నడిమధ్యన నిలబెట్టడానికి ఈ బండికి తగిన ఇనుప పనిముట్టు అతని దగ్గర లేదు. కర్రతో చేసుకున్నాడు. పాత గొడ్డలి కామ ముక్కను చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, చివరన దారం చుట్టి, లోపలికి దూర్చి చూసి, తీసి, మళ్లీ రుద్ది, అది బిగుతుగానూ వదులుగానూ కాకుండా కూర్చునేదాకా గంటన్నర పట్టింది. చేతులు ఆ పని చేస్తుంటే బుర్ర వేరే పని చేస్తోంది.

సేటుకు ఏమని చెప్పాలి? బుచ్చయ్య తప్పు కాదంటే మరి ఎవరిదంటాడు. అమ్మ పేరు చెప్పకూడదు. చెప్పకపోతే తన మాటకు ఆధారం లేదు. ఏమీ అనకుండా బండి అప్పజెప్పి ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. ఊళ్లో సేవ్యా పేరు సేవ్యాకు ఉంటుంది, బుచ్చయ్య కల్లంలో తాలు ఏరుకుంటూ ఉంటాడు. అది తలుచుకుంటే గురువారం మధ్యాహ్నం అన్నం కూడా సయించలేదు. అన్నం డబ్బా మూత పెట్టేసి మళ్లీ బండి కిందికి దూరాడు.

సాయంత్రానికి గేరుబాక్సు ఎక్కింది. ఇంజను వేసి, ఒక్కడే కూర్చుని, క్లచ్ తొక్కి వదిలాడు. వెన్నలా కదిలింది. పనికి వంక లేదు. పాత సామాన్లు ఎప్పటిలాగే గోనెసంచిలో వేసి పక్కన పెట్టాడు. తీసిన ప్రతి ముక్కా యజమాని కళ్లకు చూపించాకే పారేయడం అతని షెడ్డు ఆనవాయితీ. పెడలు రబ్బరు మాత్రం నట్ల డబ్బాలోనే ఉండిపోయింది.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదికి సేటు దంపతులు ఆటోలో దిగారు. రమాకాంత్ తెల్లటి చొక్కా, వేలికి ఉంగరాలు. సులోచన చేతిలో పూజ పళ్లెం. పొట్టి మనిషి, ఆటో దిగడానికి కూడా కమ్మీ పట్టుకుని చిన్న ఎగురు ఎగిరి దిగింది.

“సోమవారం కొత్త డ్రైవరు వస్తడు. ఇయ్యాల నువ్వే ఇంటి దాక తోలుకరా సేవ్యా. నేను బండ్ల వస్త. ఆటో ఉంచిన, ఆమె అండ్ల వస్తది” అన్నాడు సేటు.

సులోచన బానెట్టుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయలు చక్రాల కింద సర్దింది. స్టీరింగుకు బొట్టు పెట్టడానికి డ్రైవర్ తలుపు తీసి వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది. నల్లగా మెరుస్తున్న కొత్త రబ్బరు వంక చూసి, మెల్లగా తల తిప్పి సేవ్యా వంక చూసింది. సేవ్యా చూపు తిప్పుకున్నాడు.

సేటు గోనెసంచి మూతి విప్పి ఫ్లైవీలు వైపు ముఖం చిట్లించాడు. “గిదేనా మా బుచ్చయ్య చేసిన ఘనకార్యం? ఎంత నమ్మితి వాన్ని.”

“ఆయన కాదు సేటు.”

“ఏంది?”

“బుచ్చన్న తప్పు కాదు. ఆనాడు ఫోన్ల బండి చూడకుంటనే మాట జారిన. ఇప్పుడు విప్పి చూసిన. డ్రైవర్ కాలుతోని పోయిన క్లచ్ కాదు గిది. నేను తప్పు చెప్పిన. ఆ మరిపెడ బడి సారుకు మీరు ఫోన్ చేసి గీ మాట చెప్పాలె సేటు, దండం పెడత.”

సేటు ముఖం ఎర్రబడింది. తప్పు మనిషిని బస్టాండులో దించేసి వచ్చానని ఎవరికి మాత్రం ఒప్పుకోబుద్ధి అవుతుంది. “గట్లనా. మరి ఎవలు కాల్చిండ్రు? ఆ బండి వాడు దప్ప ఎవడు నడిపిండు?”

సేవ్యా వంగి గోనెసంచి మూతి మళ్లీ ముడిచాడు.

“నోరు లేవదేంది? బండికి నాలుగేండ్ల సంది చెయ్యి పెట్టేది నువ్వొక్కనివే. అంటే నువ్వు చెడగొట్టినవన్నట్టా? నువ్వు సరిగ బిగియ్యక మాడిందా?”

షెడ్డు బయట టీ బండి దగ్గర ఉన్నవాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. మధ్యాహ్నానికి ఈ మాట బస్టాండు దాటుతుందని సేవ్యాకు తెలుసు. లారీల కింద పడుకుని సంపాదించుకున్న పేరు అది. చేతిలోని గుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

“గట్లనే అనుకోండ్రి సేటు. నా తప్పే అని చెప్పండ్రి ఆ సారుకు. బుచ్చన్నది కాదని చెప్తే సాలు.”

“ఇగ సాలు” అంది సులోచన.

పళ్లెం బానెట్టు మీద పెట్టింది.

“క్లచ్ కాల్చింది నేను. నేను నడుపుడు నేర్చుకున్న. మార్కెట్ యార్డుల, వేబ్రిడ్జి ఎత్తు మీద. మూన్నెల్లు నేర్పిండు బుచ్చన్న.”

సేటు మొదట నవ్వాడు. భార్య ఏదో సర్దిచెప్పడానికి అంటోందనుకున్నాడు. ఆమె సంచీలోంచి లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూశాడు, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తరువాత భార్య పాదాల వంక చూశాడు, వాటిని అంతకు ముందెన్నడూ చూడనట్టు.

“ఎందుకు?” అన్నాడు చివరికి.

“ఎందుకేంది? రెండే సీట్లు. ఒకటి మీది, ఒకటి డ్రైవర్‌ది. నేను డ్రైవరైతేనే గదా మీ పక్కన కూసునేది.”

బజారులో పది మందిని మాటలతో నిలబెట్టే మనిషి, లైసెన్సును మెల్లగా ఆమె చేతికి తిరిగి ఇచ్చాడు.

“బుచ్చన్నను పంపిననాడే చెప్పవలసింది” అంది సులోచన. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. “వద్దమ్మా, నాకే మోకాళ్లు నొస్తున్నయి అన్నడు. అది అబద్ధమని నాకు తెలుసు. మీ కోపానికి జంకి, నాకు గూడ గదే బాగనిపిచ్చింది, ఊకున్న. ఇప్పుడు ఇంకొకడు నా మీది తప్పు నెత్తికెత్తుకుంటుంటె ఎట్ల చూసుకుంట నిలబడాలె?”

చెప్పులు విడిచి సీటు వెనక సంచీలో పెట్టింది. బుచ్చయ్య చెప్పులు పెట్టే చోటే. డ్రైవర్ సీట్లో కూర్చుని, కింది పిడి పట్టుకుని సీటును సర్రున ముందుకు జరుపుకుంది. అది కూడా చూడకుండానే చేసింది.

“మరిపెడ పోవాలె. ఎక్కుతరా?”

సేవ్యా పోయి ఎడమ తలుపు తెరిచి పట్టుకున్నాడు. రమాకాంత్ చెప్పులు విప్పి, చేత పట్టుకుని, ఎక్కి కూర్చున్నాడు. టీ బండి దగ్గర ఒకడు గ్లాసు కింద పెట్టడం మరిచిపోయాడు.

*

కొత్త క్లచ్ వేసిన బండి వెనక మొదటిరోజు పనిముట్ల సంచీతో పోవడం సేవ్యా అలవాటు. మోటారుసైకిలు మీద వెంట పడ్డాడు. పాలకుర్తి దాకా ఆమె రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య తడబడింది. తొర్రూరు దాటాక తడబాటు పోయింది. ముందు పోతున్న బండిలో రెండు తలలు కనిపిస్తున్నాయి. దారి పొడుగునా అవి ఒకదానివైపు ఒకటి తిరగలేదు. మరిపెడ ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా ఎడమ తల కుడివైపు తిరిగి ఏదో అడిగింది. కుడి తల ఊగింది.

బుచ్చయ్య ఇంటి ముందు గల్లీ ఎత్తుగా ఉంది. ఎదురుగా ఎడ్లబండి వస్తే సులోచన ఆ ఎత్తు మీదే ఆపాల్సి వచ్చింది. ఎడ్లబండి పక్కకు తప్పుకుంది. ఎర్ర కారు ఒక్క జానెడు కూడా వెనక్కి జారకుండా, ఇంజను ఆగకుండా లేచి ముందుకు పోయింది. సప్పుడు విని వాకిట్లోకి వచ్చిన బుచ్చయ్య అదంతా చూశాడు. బిడ్డ పరీక్ష పాసైనట్టు ఆయన ముఖం విప్పారింది. ఎడమ సీట్లో సేటును చూశాక మళ్లీ ముడుచుకుంది.

సేటు దిగాడు. దారి పొడుగునా ఏమేం కూడబలుక్కున్నాడో గానీ, దిగాక మాత్రం ఒక్కటే అన్నాడు.

“కూసో బుచ్చయ్యా.”

“ఏంది సేటు?”

“బండ్ల కూసో. ఆమె నిన్ను ఆ బడికాడికి తీస్కపోతది. గణపతి సారుకు ఆమెనే చెప్తదట. నేను చెప్పిన అబద్ధం నేను ఫోన్ల సరిజేస్తె సాలదట.” తలుపు ముందు నుంచి పక్కకు జరిగాడు. “రెండే సీట్లు. నేను ఈడ ఉంట.”

బుచ్చయ్య ఎడమ సీటు వంక చూసి వెనక్కి తగ్గాడు. “నేను నడిసి వస్త సేటు.”

“కూసో బుచ్చన్నా, ఎండ ముదురుతున్నది” అంది లోపలి నుంచి సులోచన.

ఆయన చెప్పులు వాకిట్లోనే విడిచి, సీటు అంచు మీద ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. కారు పోయింది. మంగమ్మ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. పలకరించలేదు. సేటు కుర్చీలో కూర్చోలేదు. పొట్టకు అడ్డంగా చేతులు కట్టుకుని, డ్రైవర్ ఇంటి వాకిట్లో, డ్రైవర్ చెప్పుల పక్కన, ఒట్టి కాళ్లతో ఎండలో నిలబడ్డాడు. ఆయన చెప్పులు బండిలోనే పోయాయి.

“నీ పేరు ఊకనే చెడగొడితినయ్యా పొద్దుగాల” అన్నాడు సేటు, సేవ్యా వైపు చూడకుండా.

“నేను ఆయనది చెడగొట్టిన సేటు.”

“ఇద్దరం చెడగొట్టినం.”

అరగంట దాటాక మూల మీద ఇంజను సప్పుడు వినిపించింది. ఎత్తు దగ్గర గేరు మారింది, ఎక్కడా తట్టుకోలేదు. కారు వచ్చి వాకిట్లో ఆగింది. బుచ్చయ్య ఇప్పుడు సీట్లో నిండుగా వెనక్కి ఆని కూర్చున్నాడు. ఏమైందని అడగాల్సిన పని లేకపోయింది. మంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“సోమవారం సంది రమ్మన్నడు” అని కిటికీలోంచే చెప్పింది సులోచన.

రమాకాంత్ ఎడమ తలుపు దగ్గరికి నడిచాడు. చెయ్యి చాచి, తలుపు మీద అటూ ఇటూ తడిమాడు. నాలుగేళ్లలో ఆ తలుపును ఆయన ఒక్కసారి కూడా బయటి నుంచి తన చేత్తో తెరిచి ఎరుగడు. పిడి ఎక్కడుందో తెలియలేదు. వంగి వెతుకుతుంటే ఉంగరాలు రేకుకు తగిలి టకటకమన్నాయి.

లోపల బుచ్చయ్య చెయ్యి అలవాటుగా తలుపు వైపు లేచింది. లేచి, ఆగింది. మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

“కిందికున్నది సేటు” అన్నాడు. “వేళ్లు లోపలికి పెట్టి మీదికి లేపాలె.”